పెట్రోలు ఇంకిన మట్టిని, భూగర్భ జలాన్ని శుభ్రం చేయడం ఎలా?

ట్యాంకు లీకైందని తెలిశాక బంకు యజమాని అయినా, ఆ స్థలం కొత్తగా కొన్నవాళ్లైనా, పక్కనే బోరు ఉన్నవాళ్లైనా మొదట అడిగేది ఒకటే: “ఆ మట్టి తవ్వి పారేస్తే సరిపోదా?” లీకు చిన్నదై, వెంటనే బయటపడి, నీళ్లు బాగా లోతున ఉంటే సరిపోవచ్చు. మిగతా చోట్ల సరిపోదు. కారిన పెట్రోలు కారినచోటే ఉండదు. కిందికి దిగుతుంది, నీటి మట్టం మీద తేలుతుంది, కొంత నీళ్లలో కరిగి నీరు పారే దిక్కుకే పోతుంది, కొంత ఆవిరై పక్కింటి సెల్లార్లోకి చేరుతుంది. అందుకే ఏ యంత్రం పెట్టాలన్న ప్రశ్న కన్నా ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే ఇక్కడ పెద్ద ప్రశ్న. వరస తప్పితే ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా డబ్బు తగలేసినట్టే.

ముందే ఒక మాట. ట్యాంకు తెరవడం, తవ్వడం, బోర్లు వేయడం శిక్షణ, అనుమతి ఉన్నవాళ్లు చేయాల్సిన పనులు. మీరే పార పట్టుకోమని ఇది రాయడం లేదు. పని చేయించేటప్పుడు ఏం అడగాలి, ఏం చూడాలి, ఎక్కడ ఆపమనాలి అన్నది తెలియాలని రాస్తున్నాను. లీకు బయటపడిన రోజే ఆ సంగతి మీ ప్రాంతంలోని అధికారులకు చెప్పేయండి. దాచిపెట్టిన ప్రతి నెలా ఖర్చును పెంచేదే.

తెలిసి ఉండాల్సిన కాస్త సిద్ధాంతం

నేలలో పెట్రోలు నాలుగు రూపాల్లో ఉంటుంది: నీటి మీద తేలే పొర, మట్టి రేణువులకు అంటుకున్నది, నీళ్లలో కరిగినది, మట్టి సందుల్లోని ఆవిరి. ఒక్కో రూపానికి ఒక్కో మందు. ఒకే పద్ధతితో నాలుగూ పోతాయని ఎవరైనా కొటేషన్ ఇస్తే దాన్ని పక్కన పెట్టండి.

అన్నిటికన్నా భయపడాల్సింది బెంజీన్‌కి. అది క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికాలో పరిమితి 5 మాత్రమే. పెట్రోలులో ఒక శాతం బెంజీన్ ఉందనుకుంటే లీటరులో సుమారు 9 గ్రాములు ఉన్నట్టు. అదంతా కరిగితే దాదాపు 9 లక్షల లీటర్ల నీరు ఆ 10 మైక్రోగ్రాముల గీత దగ్గరికి చేరుతుంది. “ఒక బకెట్టు కారిందంతే” అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

డీజిల్ సంగతి వేరు. అది అంత తొందరగా ఆవిరవదు, అంతగా కరగదు, కానీ మట్టిని ఏళ్ల తరబడి పట్టుకుని కూర్చుంటుంది. ఏది కారిందో తెలియకుండా పద్ధతి ఎంచుకోవద్దు.

కావాల్సినవి

- గాలిలో పేలుడు ప్రమాదాన్ని చూపే ఎల్‌ఈఎల్ మీటరు
- ఆవిరిని పీపీఎంలలో (పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులో) చూపే పీఐడీ మీటరు, దాన్ని సరిచూసుకోవడానికి 100 పీపీఎం ఐసోబ్యుటిలీన్ గ్యాస్
- నూనె దగ్గర ఒకలా, నీటి దగ్గర ఒకలా మోగే ఇంటర్‌ఫేస్ ప్రోబ్
- వాడి పారేసే బెయిలర్లు (బోరులోంచి నీళ్లు తీసే సన్నని గొట్టాలు), నైట్రైల్ గ్లోవ్స్, ఆర్గానిక్ ఆవిరికి పనికొచ్చే క్యాట్రిడ్జ్ మాస్కు. మామూలు గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు
- ల్యాబ్ ఇచ్చే 40 మి.లీ. గాజు వయల్స్ (చిన్న సీసాలు), ఐస్ పెట్టె
- జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచులు, మందపాటి షీట్లు, గట్టి మూత ఉన్న డ్రమ్ములు
- స్థలం పాత ప్లాన్: ట్యాంకులు, పైపులు, డ్రైనేజీ, కరెంటు కేబుళ్లు ఎక్కడున్నాయో చూపేది
- వెనకటి స్టాకు రిజిస్టర్లు. వీటిని ఎవరూ పట్టించుకోరు. కానీ లీకు ఎప్పుడు మొదలైందో, సుమారు ఎంత పోయిందో చెప్పేవి ఇవే

1. ముందు మనుషుల సంగతి చూడండి

గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ తగిలితే చాలు, అంటుకుంటుంది. ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, కాబట్టి పల్లానికి చేరుతుంది. చుట్టుపక్కల సెల్లార్లు, మ్యాన్‌హోళ్లు, లిఫ్ట్ గుంతలు, కేబుల్ ట్రెంచులు అన్నిటినీ ఎల్‌ఈఎల్ మీటరుతో, నేలకు దగ్గరగా పెట్టి చూడండి. 10 శాతం ఎల్‌ఈఎల్ (అంటే ఆవిరి అంటుకోవడానికి కావాల్సిన కనిష్ఠ స్థాయిలో పదో వంతు) దాటితే పని ఆపి, మనుషుల్ని బయటికి పంపి, ఫైర్ సర్వీసుకు చెప్పండి. ఆవిరి పోవాలని లోపలి ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ వేయడం అందరూ చేసే తప్పు. ఆ స్విచ్ నిప్పురవ్వే చాలు.

తర్వాత తాగునీటి బోర్లు. ముఖ్యంగా నీరు పారే దిక్కున ఉన్నవాటి వాడకం ఆపించి, నీళ్లు ల్యాబ్‌కి పంపండి. వాసన చూసి నిర్ణయించొద్దు. వాసన రాని నీటిలోనూ బెంజీన్ పరిమితికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. మరిగిస్తే పోతుంది కదా అని కొందరంటారు. పోతుంది, మీ వంటగది గాలిలోకి.

2. లీకు ఆపండి

ఇది చెప్పాలా అనిపిస్తుంది. చెప్పాలి. కింద మట్టి శుభ్రం చేస్తూ పైన పైపు కారుతూనే ఉన్న చోట్లు ఉంటాయి. ట్యాంకు గట్టిగా ఉందని తేలితే చాలదు. పైపు జాయింట్లు, డిస్పెన్సర్ కింద ఉండే కనెక్షన్లు, నింపే మూత దగ్గరి పిట్ కూడా అంతే తరచుగా కారుతుంటాయి. ట్యాంకుకు, పైపులకు విడివిడిగా టైట్‌నెస్ టెస్ట్ (ఎక్కడా కారడం లేదని చూసే పరీక్ష) చేయించి, రిపోర్టు కాగితం తీసుకోండి.

ట్యాంకు బయటికి తీయాల్సి వస్తే, ముందు ఇంధనం మొత్తం తోడించి, నైట్రోజన్‌తోనో డ్రై ఐస్‌తోనో లోపలి ఆక్సిజన్ తగ్గించి, మీటరుతో సరిచూశాకే కదిలించాలి. ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం. నిండుగా ఉన్నదాంట్లో ఆవిరికి చోటుండదు, ఖాళీదాని నిండా అదే.

3. తేలే పొరను తీయండి

నీటి మీద పెట్రోలు పొర తేలుతున్నంత కాలం మిగతా ఏ శుద్ధీ నిలవదు, ఎందుకంటే అది కిందున్న నీళ్లలోకి కరుగుతూనే ఉంటుంది. పరిశీలన బోరులోకి (నేల కింది నీటిని కొలవడానికి, శాంపిల్ తీయడానికి వేసే బోరు) ఇంటర్‌ఫేస్ ప్రోబ్ దించి, నూనె మొదలైన లోతు, నీరు మొదలైన లోతు రాసుకోండి. తేడాయే పొర మందం. మీటరు మీద అనుమానం ఉంటే పారదర్శకమైన బెయిలర్‌ను నెమ్మదిగా, చప్పుడు కాకుండా నీటి పైభాగంలోకి దించి తీయండి. కింద తేట నీరు, పైన పసుపుపచ్చ పొర, మధ్యన స్పష్టమైన గీత కనిపిస్తాయి. వేగంగా వదిలితే రెండూ కలిసిపోయి ఏమీ తెలియదు.

ఇక్కడ రెండు విషయాలు మోసం చేస్తాయి. ఒకటి: బోరులో కనిపించే మందం మట్టిలో ఉన్నంత కాదు, చాలాసార్లు అంతకన్నా ఎక్కువే కనిపిస్తుంది. దాన్ని స్థలం వైశాల్యంతో గుణించి “ఇన్ని వేల లీటర్లు ఉంది” అని లెక్కగట్టొద్దు. రెండోది: వానలకు నీటి మట్టం పెరిగినప్పుడు పెట్రోలు మట్టి సందుల్లో నీటి అడుగున చిక్కుకుపోయి, బోరులో పొర మాయమవుతుంది. “పోయింది” అని సంతోషించి పని ఆపేస్తారు. మట్టం దిగగానే మళ్లీ తేలుతుంది. నీటి మట్టం ఎంతమేర ఎక్కిదిగుతుందో అంతమేరా మట్టికి పెట్రోలు పూసినట్టే.

తీయడానికి పైపొరను మాత్రమే లాగే స్కిమ్మర్ పంపు, పీల్చుకునే ప్యాడ్లు, వ్యాక్యూమ్ ట్యాంకర్ పనికొస్తాయి. పేలుడుకు తట్టుకునేలా చేసిన పంపే వాడాలి. తీసిన పెట్రోలును ప్లాస్టిక్ బకెట్లలో పోయొద్దు, స్థిర విద్యుత్తుతో అంటుకోవచ్చు. లోహపు డ్రమ్ము, దానికి ఎర్తింగ్ వైరు తప్పనిసరి. తొందర కొద్దీ నీటిని గట్టిగా తోడేయకండి. మట్టం ఒక్కసారిగా దిగితే పెట్రోలు దానితోపాటే దిగి, అప్పటిదాకా శుభ్రంగా ఉన్న మట్టికి కూడా అంటుకుంటుంది.

4. ఎక్కడిదాకా పాకిందో తెలుసుకోండి

గుంత తవ్వడానికి ముందు చేయాల్సిన పని ఇది. నీరు ఏ దిక్కుకు పారుతోందో తెలియాలంటే త్రిభుజంగా వేసిన కనీసం మూడు పరిశీలన బోర్లు కావాలి. మూడింటి నోళ్ల ఎత్తును సర్వే చేయించి, ఒకే రోజు నీటి లోతు కొలిస్తే దిక్కు తేలుతుంది. నేల వాలు ఎటుంటే నీరు అటే పోతుందని ఊహించొద్దు. చాలాసార్లు పోదు. పక్కన ఎవరైనా గట్టిగా తోడే బోరు ఉంటే దిక్కే మారిపోతుంది. లీకైన చోట ఒకటి, ఎగువన శుభ్రంగా ఉన్నచోట ఒకటి, దిగువన రెండు మూడు బోర్లు ఉంటే బొమ్మ కనిపించడం మొదలవుతుంది.

బోరు వేసేవాళ్లతో గట్టిగా చెప్పాల్సిన మాట: చిల్లుల పైపు నీటి మట్టానికి పైనా కిందా రెండు వైపులా ఉండాలి, అదీ ఎండాకాలపు మట్టం, వానాకాలపు మట్టం రెండూ అందులో పడేలా. చిల్లులన్నీ నీటిలో మునిగి ఉంటే పైన తేలే పొర బోరులోకి రాదు. అలాంటి బోరు ఎప్పుడూ “శుభ్రం” అనే చెబుతుంది. చిల్లుల చుట్టూ ఇసుక, దాని పైన బెంటొనైట్ మట్టి సీలు, ఆపైన సిమెంటు ఉండాలి. లేకపోతే పైనుంచి కారే మురికి నీరే బోరులోకి దిగుతుంది.

డ్రిల్లింగులో గట్టి బంకమట్టి పొర తగిలితే ఆగి ఆలోచించండి. ఆ పొరే కింది నీటికి రక్ష కావచ్చు. దాన్ని పొడిచి కింది నీటిని కలుషితం చేసిన ఘనత మీకు రాకూడదు.

మట్టి నమూనాలను అక్కడికక్కడే పోల్చుకోవడానికి సంచి పరీక్ష చాలు. జిప్ సంచిలో సగం దాకా మట్టి వేసి, మూసి, గడ్డలు చేత్తో నలిపి, పది నిమిషాలు వదిలేయండి. జిప్ కొద్దిగా తెరిచి, పీఐడీ ముక్కును లోపలి గాలిలోకి, మట్టికి తగలకుండా పెట్టి, చూపిన అత్యధిక అంకె రాసుకోండి. ఏ లోతు మట్టి ఏ అంకె ఇచ్చిందో వరసగా రాస్తే కాలుష్యం మందం ఎంతో కళ్ల ముందుంటుంది. ఇవి పోల్చుకోవడానికి పనికొచ్చే అంకెలే, ల్యాబ్ ఫలితాలు కావు. తడి వాతావరణంలో మీటరు తప్పు చూపొచ్చు. డీజిల్‌కి తక్కువ చూపుతుంది. సాధారణ పీఐడీ మీథేన్‌ను అసలే పట్టదు, కాబట్టి ఎల్‌ఈఎల్ మీటరు పని దీనికి అప్పగించకండి.

5. శాంపిల్ సరిగా తీయండి

నన్నడిగితే మొత్తం పనిలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. తప్పు శాంపిల్ మీద మంచి ల్యాబ్ ఇచ్చిన అంకె కూడా తప్పే.

నీటికి:

- పొర తేలుతున్న బోరు నుంచి నీటి శాంపిల్ పంపకండి. చుక్క పెట్రోలు కలిసినా అంకెకు అర్థం ఉండదు.
- శుభ్రమైన బోరుతో మొదలుపెట్టి, ఎక్కువ కలుషితమైనదాన్ని చివర తీయండి. బోరు బోరుకూ గ్లోవ్స్, గొట్టం మార్చండి.
- నిమిషానికి 100 నుంచి 500 మి.లీ. వేగంతో నెమ్మదిగా తోడండి. పీహెచ్, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత, కరిగిన ఆక్సిజన్ మారకుండా నిలకడగా వచ్చాకే నింపడం మొదలుపెట్టాలి.
- వయల్‌ను కాస్త వంచి, నీటిని గోడ వెంట జారనిచ్చి, అంచు దాటి ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి మూత బిగించండి. తలకిందులు చేసి వేలితో తట్టండి. బుడగ పైకి లేచిందా, ఆ వయల్ పనికిరాదు. బెంజీన్ ఆ బుడగలోకి పారిపోతుంది. ఇంకో వయల్ తీసుకోండి.
- వయల్‌లో ల్యాబ్ ముందే వేసిన ఆమ్లాన్ని కడిగేయకండి, పొంగించి పారబోయకండి. అది బాక్టీరియా దారిలో బెంజీన్‌ను తినేయకుండా ఆపడానికి. ఆమ్లం ఉంటే 4 డిగ్రీల దగ్గర 14 రోజుల దాకా నిలుస్తుంది, లేకపోతే 7 రోజులే.
- ఒక బోరుకు రెండు శాంపిళ్లు వేర్వేరు పేర్లతో పంపండి. ల్యాబ్ శుద్ధ నీటితో నింపి ఇచ్చిన ట్రిప్ బ్లాంక్ వయల్‌ను తెరవకుండా పెట్టెలోనే తిప్పండి. అందులోనూ బెంజీన్ వస్తే గొడవ మీ బోరుది కాదు, రవాణాదో ల్యాబ్‌దో.

మట్టికి ఒకటే నియమం: కలపొద్దు. పది చోట్ల మట్టి తెచ్చి పళ్లెంలో కలిపి “సగటు శాంపిల్” తీస్తే బెంజీన్ అక్కడే గాలికి పోతుంది, రిపోర్టు అందంగా వస్తుంది. కోర్ (డ్రిల్లింగులో బయటికి తీసిన మట్టి కడ్డీ) నుంచి నేరుగా తీసి, ల్యాబ్ చెప్పినట్టు మిథనాల్ ఉన్న సీసాలో వెంటనే వేసి మూయాలి.

పరీక్షల జాబితాలో బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్‌లు, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు ఉండాలి. డీజిల్ అయితే నాఫ్తలీన్ వంటి పీఏహెచ్‌లు (బెంజీన్ వలయాలు కొన్ని కలిసిన హైడ్రోకార్బన్లు) కూడా. పెట్రోలులో ఎంటీబీఈ (ఇంధనం బాగా మండడానికి కలిపే ఒక రసాయనం) కలిపి ఉంటే దాన్నీ అడగండి. అది బెంజీన్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కరుగుతుంది, మట్టికి అంటదు, అందుకే అన్నిటికన్నా ముందు దూరం పోయేది అదే. చాలా పాత స్థలమైతే సీసం కూడా చూడాలి.

6. ఇప్పుడు పద్ధతి ఎంచుకోండి

*తవ్వి తీయడం.* కాలుష్యం తక్కువ లోతులో, తక్కువ చోట ఉంటే ఇదే ఉత్తమం, వేగం కూడా. పైనున్న మంచి మట్టిని, కింది మురికి మట్టిని సంచి పరీక్షతో వేరుచేసి వేర్వేరు షీట్ల మీద పోయించండి. ఇక్కడ బద్ధకిస్తే మంచి మట్టికీ పారబోసే ఖర్చు కడతారు. మురికి కుప్పను షీటుతో కప్పి ఉంచాలి. గుంత అంచులు నిలువుగా ఉంచొద్దు. ఒకటిన్నర మీటరు దాటితే ఆసరా పెట్టాలి, లేదా వాలుగా తవ్వాలి. ఇంధనంతో తడిసిన ఇసుక మట్టి చెప్పకుండా కూలుతుంది. గుంతలో ఊరిన నీరు కూడా కలుషితమే, డ్రైనేజీలోకి వదలొద్దు. నాలుగు గోడల నుంచి, అడుగు నుంచి శాంపిళ్లు తీయించండి, అదీ ఎక్కడ మరక, వాసన ఎక్కువుంటే అక్కడి నుంచి. ఫలితం రాకముందే గుంత పూడ్చారంటే మళ్లీ తవ్వే ఖర్చు మీదే.

*తవ్విన మట్టిని బాగుచేయడం.* మట్టిని కుప్ప పోసి, లోపల చిల్లుల గొట్టాలతో గాలి ఆడించే బయోపైల్, లేదా పలచగా పరిచి దున్నే పద్ధతి. పెట్రోలును తినే బాక్టీరియా మట్టిలో సాధారణంగా ముందే ఉంటాయి. కావాల్సింది గాలి, తేమ, నత్రజని, భాస్వరం. డబ్బాల్లో అమ్మే “నూనె తినే బాక్టీరియా” కొనే ముందు మీ మట్టిలో ఉన్నవాటికి తిండి పెట్టి చూడండి. కార్బన్, నత్రజని, భాస్వరం నిష్పత్తి 100:10:1 నుంచి 100:1:0.5 మధ్య ఉంటే చాలు. టన్ను మట్టిలో 5 కిలోల హైడ్రోకార్బన్ ఉందనుకుందాం. అందులో కార్బన్ నాలుగు కిలోలకు కాస్త పైన. ఎక్కువ నత్రజని అడిగే 100:10:1 నిష్పత్తి తీసుకున్నా దానికి కావాల్సిన యూరియా సుమారు 900 గ్రాములే, అదీ ఒకేసారి కాదు, విడతలుగా. ఎక్కువేస్తే అమ్మోనియా పెరిగి బాక్టీరియానే చస్తాయి. పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉండాలి. తేమ చేత్తో పిండితే ముద్ద కట్టాలి కానీ నీరు కారకూడదు. హైడ్రోకార్బన్లు కిలోకు 50,000 మిల్లీగ్రాములు దాటిన మట్టిలో ఈ పద్ధతి కష్టం. పెట్రోలు మట్టిని ఊరికే ఎండలో ఆరబెట్టడం మాత్రం శుద్ధి కాదు, మట్టిలోని విషాన్ని పీల్చే గాలిలోకి మార్చడమే.

*ఆవిరిని లాగడం.* నీటి మట్టం పైన ఉన్న మట్టిలోంచి వ్యాక్యూమ్‌తో ఆవిరిని లాగే పద్ధతి. ఇసుక నేలలో పెట్రోలుకు చక్కగా పనిచేస్తుంది. బంకమట్టిలో పనిచేయదు. డీజిల్‌ను లాగలేదు, అయితే అది తెచ్చే గాలి బాక్టీరియాకు సాయం. నీరు మీటరు లోతులోనే ఉంటే దీని జోలికి పోకండి. నీటి స్తంభం లెక్కన 100 సెంటీమీటర్ల వ్యాక్యూమ్ పెడితే బోరు దగ్గర నీరు అంతమేర పైకి లేవగలదు, చిల్లులు మునిగిపోతాయి. మొదటి రోజుల్లో లాగిన ఆవిరి పేలుడు స్థాయిలో ఉండొచ్చు, బయటి గాలి కలిపి నడపాలి. బయటికి వదిలే ముందు ఆవిరిని పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ గుండానో, కాల్చే యూనిట్ గుండానో పంపాలి.

*నీటిలోకి గాలి ఊదడం.* కరిగిన బెంజీన్‌ను బుడగలతో పైకి తెచ్చే ఎయిర్ స్పార్జింగ్. దీన్ని ఆవిరి లాగే ఏర్పాటు లేకుండా ఒంటరిగా పెట్టొద్దు. లేచిన ఆవిరి ఎవరింట్లోకి పోతుందో మీ చేతిలో ఉండదు. పొర తేలుతుంటే అసలు పెట్టొద్దు.

*తోడి శుద్ధి చేయడం.* కలుషిత నీరు ముందుకు పాకకుండా ఆపడానికి మంచిది. మట్టికి అంటుకున్నదాన్ని వదిలించడానికి చాలా నెమ్మది. కార్బన్ ట్యాంకులు ఎప్పుడూ రెండు వరసగా పెట్టించి, మధ్యలో శాంపిల్ కుళాయి ఉంచండి. మధ్య శాంపిల్‌లో బెంజీన్ కనిపించిన రోజు మొదటిది మార్చి, రెండోదాన్ని ముందుకు తేవాలి. పెట్రోలు కలిసిన నీటిలో ఆక్సిజన్ ఉండదు, ఇనుము కరిగి ఉంటుంది. గాలి తగలగానే తుప్పు రంగు బురదై ఫిల్టర్లను మూసేస్తుంది. డిజైన్ చేసే ముందే ఇనుము ఎంతుందో పరీక్షించమనండి. ఎంటీబీఈని కార్బన్ సరిగా పట్టదు, మార్చే ఖర్చు పెరుగుతుంది.

*రసాయనాలు ఎక్కించడం.* పెరాక్సైడ్, పర్‌సల్ఫేట్ వంటివి బెంజీన్‌ను విడగొడతాయి. పర్మాంగనేట్ బెంజీన్ మీద పెద్దగా పనిచేయదు, అది చవగ్గా వచ్చిందని ఎవరైనా అంటగడితే వద్దనండి. పెరాక్సైడ్ వేడి, వాయువు పుట్టిస్తుంది కాబట్టి తేలే పొర దగ్గర, పైపులైన్ల దగ్గర, సెల్లార్ల దగ్గర ఎక్కించడం ప్రమాదం. మట్టిలో క్రోమియం ఉంటే అది విషపూరిత రూపంలోకి మారి నీళ్లలో కలవొచ్చు. ముందు ల్యాబ్‌లో మీ మట్టి మీద, తర్వాత చిన్న చోట ప్రయత్నించాకే పెద్ద ఎత్తున చేయాలి. సబ్బు, డిటర్జెంటు పోసి కడిగేద్దామనే ఆలోచన మాత్రం మానుకోండి. అంటుకున్నది ఊడి నీళ్లలో ఇంకా దూరం పోతుంది.

*సహజంగా తగ్గనివ్వడం.* మూలం తీసేశాక, దగ్గర్లో తాగునీటి బోర్లు లేకపోతే, కొలుస్తూ కూర్చోవడం కూడా ఒక పద్ధతే. అయితే కొలవాలి. కాలుష్యం ఉన్నచోట కరిగిన ఆక్సిజన్, నైట్రేట్, సల్ఫేట్ ఎగువ బోరు కన్నా తక్కువగా, కరిగిన ఇనుము, మీథేన్ ఎక్కువగా ఉంటే బాక్టీరియా పనిలో ఉన్నట్టు. ఓపిక ఎందుకు కావాలో ఒక లెక్క: లీటరు పెట్రోలు పూర్తిగా విచ్ఛిన్నం కావడానికి దాదాపు రెండున్నర కిలోల ఆక్సిజన్ కావాలి, లీటరు నీరు మోయగలిగేది సుమారు 9 మిల్లీగ్రాములు. అంటే లీటరు పెట్రోలుకు రెండున్నర లక్షల లీటర్లకు పైగా నీటిలో ఉండే ఆక్సిజన్. అందుకే బాక్టీరియా ఆక్సిజన్ అయిపోగానే నైట్రేట్, ఇనుము, సల్ఫేట్ల మీద పడతాయి, అవన్నీ నెమ్మది దారులు. ఇథనాల్ కలిపిన పెట్రోలైతే అవి ముందు ఇథనాల్‌నే తింటాయి, ఆక్సిజన్ దానికే ఖర్చవుతుంది, ఈలోగా బెంజీన్ ఇంకాస్త దూరం పోతుంది.

ఆచరణలో ఎక్కువ చోట్ల జరిగేది కలగలుపు: పొర తీసి, మూలం దగ్గర తవ్వి లేదా ఆవిరి లాగి, మిగిలిన కరిగినదాన్ని కొలుస్తూ సహజానికి వదిలేయడం.

7. నడుస్తున్నప్పుడు చూడాల్సినవి

“ఈ నెల ఇన్ని లక్షల లీటర్లు తోడాం” అనే రిపోర్టు వస్తే, ఎన్ని కిలోల పెట్రోలు బయటికి తీశారో అడగండి. తోడిన నీరు కాదు, తీసిన పెట్రోలే లెక్క. నెలనెలా కిలోలను గ్రాఫు గీస్తే మొదట్లో వేగంగా, తర్వాత చదునుగా మారుతుంది. చదునైందంటే శుభ్రమైందని కాదు, ఆ యంత్రం తీయగలిగింది తీసేసిందని. అప్పుడు పద్ధతి మార్చాలి. అదే యంత్రాన్ని ఏళ్ల తరబడి తిప్పితే కరెంటు బిల్లు తప్ప పెద్దగా మిగిలేది ఉండదు.

8. ఆపి, ఆగి, మళ్లీ కొలవండి

యంత్రం తిరుగుతున్నప్పుడు వచ్చిన మంచి అంకెను నమ్మకండి. ఆపాక వచ్చేదే అసలు అంకె. తోడుతున్నంతసేపూ కొత్త నీరు వచ్చి పలచన చేస్తుంది. ఆపగానే సన్నని మట్టి పొరల్లో దాగిన బెంజీన్ నెమ్మదిగా బయటికొచ్చి అంకె మళ్లీ పెరుగుతుంది. అందుకని ఆపిన తర్వాత మూడు నెలలకోసారి, కనీసం ఏడాది పాటు, నీటి మట్టం బాగా పైకి వచ్చినప్పుడూ బాగా దిగినప్పుడూ కొలత పడేలా చూడండి. ప్రతిసారీ నీటి లోతు కూడా రాయండి. బెంజీన్ తగ్గిందా, లేక నీరు పెరిగి పలచబడిందా అన్నది ఆ రెండూ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

ఇవన్నీ అవునని తేలితేనే పూర్తయినట్టు:

- ఏ బోరులోనూ పొర లేదు, ఎండాకాలంలో కూడా
- దిగువ బోర్లన్నిటిలో బెంజీన్ మీ అధికారులు పెట్టిన పరిమితి లోపల, వరస కొలతల్లో నిలకడగా ఉంది
- అంకె ఒక్కసారి తగ్గడం కాదు, వరసగా తగ్గుతోంది
- పక్క ఇళ్ల సెల్లార్లలో, నేల కింది గాలిలో ఆవిరి లేదు
- శాంపిళ్ల జంటలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి, ట్రిప్ బ్లాంకులు శుభ్రంగా ఉన్నాయి

ఒక్క అంకె అనుకోకుండా “కనుగొనబడలేదు” అని వస్తే ముందు ల్యాబ్ గుర్తించగల కనిష్ఠ స్థాయి ఎంతో చూడండి. పరిమితి 5 అయితే, 50 లోపు కొలవలేని ల్యాబ్ “లేదు” అన్నా ఆ మాటకు విలువ లేదు.

9. మూసేయడం

అనుమతి వచ్చాక పరిశీలన బోర్లను అలాగే వదిలేయకండి. మూత పగిలిన పాత బోరు పైనుంచి కాలుష్యం నేరుగా నీటిలోకి దిగే దారి. అడుగు నుంచి పైదాకా బెంటొనైట్ లేదా సిమెంటు గ్రౌట్‌తో నింపించండి. ట్యాంకు, పైపుల ఫొటోలు, ల్యాబ్ రిపోర్టులు, మట్టి ఎక్కడికి పోయిందో చూపే రసీదులు, బోర్ల మ్యాపు అన్నీ ఒక ఫైలులో పెట్టి స్థలం కాగితాలతో కలిపి ఉంచండి. ఎక్కడైనా కొంత మట్టి తీయలేక, రోడ్డు కిందో భవనం కిందో వదిలేసి ఉంటే దాని లోతు, హద్దులు ఆ మ్యాపులో గుర్తుపెట్టండి. తర్వాత అక్కడ పునాది తవ్వేవాళ్లకు, బోరు వేయించుకునేవాళ్లకు ఆ మ్యాపు ముందుగానే చేతికి అందాలి.